చెవిలోని నిస్తంత్రి

నిస్తంత్రి యనినచో మన తాతలకు రేడియోయే. తీగ లేకుండ మాట వచ్చుట వారికి వింత. కాని ఆ మాటను వినుటకు తొలినాళ్లలో పెట్టెకును చెవికిని నడుమ తీగ యుండి తీరవలసినదే. ఆ కడపటి తీగ తెగుటకు దాదాపు నూరేండ్లు పట్టినది.

నేడు ప్రొద్దుటూరు బజారులోను, జమ్మలమడుగు బస్టాండులోను, పులివెందుల అరటితోటలలోను యువకుల చెవులలో వేరుసెనగకాయంతటి ఇయర్‌బడ్లు కానవచ్చుచున్నవి. ధ్వని యెట్లుండును, చెవి ఓర్చునా, అదనముగా ఏమి చేయును అని కొనువారు అడుగుదురు. ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు.

1891లోనే ఫ్రాన్సుదేశపు ఇంజనీరు మెర్కాడియే చెవిరంధ్రములో ఇమిడెడు టెలిఫోను సాధనమునకు పేటెంటు పొందెను. బరువు సుమారు 50 గ్రాములు; కొనకు రబ్బరు తొడుగు. నేటి ఇయర్‌బడ్ ఒక్కొక్కటి 5 గ్రాముల ప్రాంతమున తూగును గాని, తొడుగు మాత్రము నేటికిని విడువలేదు. 1910లో అమెరికాలో నథానియల్ బాల్డ్విన్ తన వంటింట చేసిన హెడ్‌ఫోనులను నౌకాదళము కొనెను. 1924లో మద్రాసు రేడియో క్లబ్బు ప్రసారములు ఆరంభించునాటికి చౌకయైనది స్ఫటికపు పెట్టె. దానికి విద్యుత్తు అక్కరలేదు. వచ్చిన తరంగపు శక్తియే చెవిలో మాటగా మారును. అంత స్వల్పశక్తితో గది నిండ పలుకుట అసాధ్యము గనుక హెడ్‌ఫోను తప్పనిసరి. ఒకరు వినుచుండగా తక్కినవారు ఆ ముఖము చూచుచు కూర్చుండవలసినదే! క్లబ్బు ప్రసారిణి శక్తి మొదట 40 వాట్లు మాత్రమే. కడప సీమకు స్ఫటికముతో ఆ మాట అందు దారి లేదు.

వాల్వుల రేడియోలును లౌడుస్పీకర్లును వచ్చిన పిమ్మట వినుట ఇంటిల్లిపాది పని యైనది. 1938లో మద్రాసు, 1948లో విజయవాడ, 1963లో కడప ఆకాశవాణి కేంద్రములు పలికినవి. పొలము గట్టునకు ట్రాన్సిస్టరు వచ్చినది. పిమ్మట 1979లో జపానువారి వాక్‌మన్ శ్రోతను మరల ఒంటరిని చేసినది. 1999లో బ్లూటూత్ తొలి ప్రమాణము వెలువడినది. అది 10వ శతాబ్దపు డెన్మార్కు రాజు పేరు. 2015లో ఒంకియో సంస్థ రెండు చెవుల నడుమ తీగ సైతము తీసివేసినది; 2016 డిసెంబరులో ఆపిల్ వారివి అమ్మకమునకు వచ్చిన పిదప ఆ వాడుక లోకమంతట ప్రాకినది.

మేమును ఒక జత తెచ్చి చూచితిమి. మాట స్పష్టము. సంగీతమున మాత్రము తొడుగు చెవికి సరిగా అతుకుటయే ప్రాణము. సందున్నచో మృదంగపు ఎడమవైపు నాదము జారిపోవును, కుడివైపు చప్పుడే మిగులును. అందుచేత మూడు కొలతల తొడుగులను మార్చి చూడనిదే ధ్వనిని నిందించుట తగదు. అయినను మన సీమ వేసవిలో అరగంటకే చెవి చెమర్చి దురద పెట్టినది. ఈ విషయమున వెల హెచ్చినను ఫలము లేదు.

రొదను అణచు సౌకర్యము కొంత ఆశ్చర్యము గొలిపినది. బంగాళీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్ 1978లో విమానప్రయాణమున ఈ యాలోచన చేసెనట. బయటి రొదను మైకు గ్రహించి, దానికి ఎదురైన తరంగమును పుట్టించి రెంటిని అణగార్చును. ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగు పోవు బస్సులో ఇంజను హోరు మాయమయ్యెను. కండక్టరు కేక మాయము కాలేదు. జమ్మలమడుగున నాపరాయి కోయు యంత్రపు కీచుధ్వనియు చాలవరకు మిగిలియే యున్నది. ఎడతెగని మంద్రధ్వనినే అది బాగుగా అణచును. రోడ్డు దాటునపుడు దీనిని తీయవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

రేడియో గల ఇండ్లవారికి అసలు చిక్కు వేరొకటి యున్నది. ఎఫ్.ఎం. గల సెల్‌ఫోనులో ఇయర్‌ఫోను తీగయే ఏరియలుగా పనిచేయుచుండెను. తీగ తీసివేసిన నాడు ఏరియలును పోయినది! కడప కేంద్రపు మీడియం వేవును పట్టు సాధనము ఆ ఫోనులో మొదటినుండియు లేదు. కనుక చెవిలో నిస్తంత్రి పెట్టుకొని ఆకాశవాణి వినవలెనన్న ఇంటర్నెట్టును ఆశ్రయింపవలసి యున్నది. సిగ్నలు లేని తోటలో ఆ ఖరీదైన జత మౌనము వహించును.

చెవి క్షేమమును మరువరాదు. 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చుననియు, 90 అయినచో 4 గంటలే యనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. గది నిండ పలుకు రేడియోను తగ్గించుమని పెద్దలు కేకవేయుదురు. చెవిలోనిది ఎంత హెచ్చినను పక్కవారికి తెలియదు.

ఆ సాయంత్రము పులివెందులలో మిత్రుని ఇంట, ఒక ఇయర్‌బడ్ వారి మనుమని చెవిలోను, ఒకటి మా చెవిలోను ఉండగా వార్తల నడుమ బ్యాటరీ అయిపోయెను. మిగిలిన వార్తలను గూటిలోని ట్రాన్సిస్టరు చెప్పినది. వంటింటిలోని వారును విన్నారు.