పరుగు ఎవరి ఖాతాలో?

1999లో అమెరికా బేస్‌బాల్ అధికారులు 69 ఏళ్ల నాటి ఓ లెక్కను సరిదిద్దారు. 1930 సీజన్‌లో షికాగో కబ్స్ ఆటగాడు హ్యాక్ విల్సన్ సాధించిన ‘రన్స్ బ్యాటెడ్ ఇన్’ 190 కాదు, 191 అని ప్రకటించారు. ఓ జులై మ్యాచ్‌లో అతనికి రావాల్సిన ఒక పరుగు పొరపాటున సహచరుడు చార్లీ గ్రిమ్ పద్దులో పడిపోయిందని తేలింది. విల్సన్ చనిపోయి అప్పటికే అర్ధ శతాబ్దం. ఆ 191ని నేటికీ ఎవరూ దాటలేదు.

ఒక్క పరుగు కోసం ఇంత వెతుకులాట జరిగిందంటే ఆ అంకెకు ఉన్న విలువ అలాంటిది. బేస్‌బాల్‌లో బ్యాటర్ మొదటి బేస్ చేరి, రెండు, మూడు దాటి, తిరిగి హోమ్ ప్లేట్ తాకితేనే పరుగు. ఒకడు బేస్ మీద కాచుకుని ఉంటాడు, తర్వాత వచ్చినవాడు కొడితే ఇల్లు చేరతాడు. ఆ కొట్టినవాడికి దక్కేదే రన్స్ బ్యాటెడ్ ఇన్, పొట్టిగా ఆర్‌బీఐ. ఇల్లు చేరినవాడికీ ‘రన్’ అని ఓ లెక్క ఉంది. కానీ పేరు, జీతం, అవార్డులు చాలాకాలం కొట్టినవాడి వైపే మొగ్గాయి. నారు పోసినవాళ్లను వదిలేసి, కుప్ప నూర్చినవాడికే పంటంతా రాసిచ్చినట్టు.

బేస్ చేరడానికి ‘వాక్’ అనే ఇంకో దారి ఉంది. బౌలర్ లాంటి పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే, బ్యాటర్ వాటి జోలికి పోకుండా నిలబడితే, మొదటి బేస్ ఉచితం. చూడ్డానికి ఇందులో వీరత్వం లేదు. గంటకు 90 మైళ్లకు పైగా వేగంతో వచ్చే బంతిని కొట్టాలా వదలాలా అని కన్ను తెరిచి మూసేలోగా తేల్చుకోవడం మాత్రం గొప్ప విద్యే. 1887లో ఒకే ఒక్క సీజన్ వాక్‌ను కూడా హిట్‌గా, అంటే బంతిని కొట్టి బేస్ చేరినట్టుగా, లెక్కగట్టారు. టిప్ ఓనీల్ అనే బ్యాటర్ సగటు, అంటే ప్రయత్నాల్లో హిట్ల వాటా, .492కు ఎగబాకింది. ఈ లెక్కలు చూసి బెంబేలెత్తి మరుసటేడే నిబంధన ఎత్తేశారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు వాక్ అంటే పిచ్చర్ తప్పే, బ్యాటర్ ప్రతిభ కాదు.

ఎర్నీ లానిగన్ అనే పాత్రికేయుడు ఓపిగ్గా కూర్చి పత్రికల్లో ప్రచారంలోకి తెచ్చిన ఆర్‌బీఐ 1920లో అధికారిక గణాంకమైంది. పదేళ్లకు విల్సన్ విజృంభించాడు. అయిదడుగుల ఆరంగుళాల మనిషి, ఆ ఏడాది 56 హోమ్ రన్లు, అంటే ఒక్క దెబ్బతో అన్ని బేస్‌లూ చుట్టి ఇల్లు చేరే కొట్లు, కొట్టాడు. అతను గొప్ప బ్యాటర్ కాడని ఎవరూ అనలేరు. అయితే 191లోంచి హోమ్ రన్ల మీద తానే చేసిన 56 పరుగులు తీసేస్తే 135 మిగులుతాయి. అన్నిసార్లు ఇల్లు చేరింది సహచరులే. వుడీ ఇంగ్లిష్, కికీ కైలర్ అతనికంటే ముందు బ్యాటింగ్‌కు వచ్చేవాళ్లు. ఇద్దరూ 100 ప్రయత్నాల్లో దాదాపు 43 సార్లు బేస్ చేరారు. ఇంగ్లిష్ 152, కైలర్ 155 పరుగులు చేశారు. వాళ్లు బేస్‌ల మీద లేకపోతే 191 అనే రికార్డే లేదు. 191 గుర్తున్నవాళ్లలో ఎంతమందికి ఆ రెండు పేర్లు తెలుసు?

ఈ అన్యాయాన్ని ముందుగా లెక్కలతో నిలదీసినవాళ్లలో బ్రాంచ్ రికీ ఒకరు. 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులోకి తెచ్చిన అధినేత రికీ, అదే ఏడాది మాంట్రియల్‌కు చెందిన అలన్ రాత్‌ను జట్టు గణాంక నిపుణుడిగా నియమించుకున్నారు. రాత్ ప్రతి బంతినీ రాసుకునేవారు. 1954లో ‘లైఫ్’ పత్రికలో రికీ ఆర్‌బీఐని తూర్పారబట్టారు. బ్యాటింగ్ వరస, మైదానం కొలతలు, ముందువాళ్లు బేస్ చేరడం, వీటన్నిటి మీదా ఆధారపడే అంకె ఒక మనిషి ప్రతిభను ఎలా చెబుతుందన్నది ఆయన వాదన. వినాల్సినవాళ్లు వినలేదు. కాన్సస్‌లో ఆహార పదార్థాల ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూ బిల్ జేమ్స్ 1977లో సొంతంగా బేస్‌బాల్ గణాంకాల పుస్తకం అచ్చేసుకునేదాకా, 2003లో ‘మనీబాల్’ పుస్తకం వచ్చి, బేస్ చేరేవాళ్లకు విలువిచ్చిన ఓక్లాండ్ జట్టు కథ చెప్పేదాకా, ఆర్‌బీఐ పీఠం పెద్దగా కదల్లేదు.

ఈ అంకె ఎలా మోసం చేస్తుందో చూడాలంటే 1990 నాటి శాన్ డియాగో జట్టు చాలు. జో కార్టర్ ఆ ఏడాది 115 ఆర్‌బీఐలు సాధించాడు. నేషనల్ లీగ్‌లో మూడో స్థానం. సగటు మాత్రం .232. 100సార్లు బ్యాట్ పట్టి వస్తే 29సార్లే బేస్ చేరాడు, 71సార్లు చేరలేదు. లీగ్‌లో సాధారణ ఆటగాడు అంతకంటే మెరుగు. మరి 115 ఎక్కడివి? అదే జట్టులో బిప్ రాబర్ట్స్, రాబర్టో అలోమార్, టోనీ గ్విన్ ఉన్నారు. వాళ్లు బేస్‌లు నింపుతూనే ఉన్నారు, కార్టర్ 162 మ్యాచ్‌ల్లోనూ ఆడాడు. ఒక మ్యాచ్‌లో జట్టుకు ఉండేవి 27 ఔట్లు. వాటిని ఇంత ధారాళంగా ఖర్చు పెట్టినవాడి పద్దులోనే పరుగులన్నీ పోగుపడటం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. ఇందులో కార్టర్ తప్పేమీ లేదు. 1993 వరల్డ్ సిరీస్‌ను ఒక్క హోమ్ రన్‌తో ముగించి టొరాంటోను గెలిపించిన మొనగాడతను. తప్పు కొలమానానిది.

కెరీర్‌లో 1,445 ఆర్‌బీఐలున్న కార్టర్ పేరు 2004లో బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ మందిరం ‘హాల్ ఆఫ్ ఫేమ్’ ఓటింగ్‌కు వచ్చింది. నాలుగు శాతం ఓట్లు కూడా రాలేదు. అప్పటికే ఓటేసే రాతగాళ్లు ఈ ఒక్క అంకెకు దాసోహమనడం మానుకున్నారు. బేస్ చేరినవాడి విలువ తెలుసుకోవడానికి మాత్రం వాళ్లకు ఇంకొంత కాలం పట్టింది. మాంట్రియల్ తరఫున వరసలో మొదట బ్యాటింగ్ చేసిన టిమ్ రెయిన్స్‌కు 2,605 హిట్లు, 1,330 వాక్‌లు, పిచ్చర్ కన్నుగప్పి పరుగెత్తి చేరిన 808 స్టోలెన్ బేస్‌లు ఉన్నాయి. 3,141 హిట్లతో తొలి ప్రయత్నంలోనే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన గ్విన్ కంటే ఎక్కువసార్లు బేస్ చేరినవాడు రెయిన్స్. అయినా 2008లో అతనికి వచ్చింది 24 శాతం, కావాల్సింది 75. ఏటా కొందరు రాతగాళ్లు, గణాంకాల అభిమానులు అతని తరఫున వాదిస్తూ వచ్చారు. 2017లో, పదో ఏట, ఇక ఆఖరి అవకాశం అనగా, 86 శాతం ఓట్లతో రెయిన్స్ ఎన్నికయ్యాడు. అతని ఆర్‌బీఐలు మొత్తం 980.