తొప్పిమీది రవ్వముద్ద

నేడు పెండ్లిపందిళ్లలో గుండె నదరించు మంద్రధ్వనికై వాడు స్పీకరును సబ్‌వూఫరందురు. దాని గరాటునడుమ బంకతో బరువు నంటించి, ధ్వని నింకను లోతుగా పలికింపవలె నని కొందఱు కుఱ్ఱవాండ్రు ఇంటనే యత్నించుచుందురు. ఇది క్రొత్తవింత కాదు.

భరతుని నాట్యశాస్త్రమున పుష్కరవాద్యముల మూతలకు మట్టి పూయు విధి కలదు. ఏటియొడ్డున నీరు తీసిన పిదప నిలిచిన నల్లని మెత్తని మన్ను కావలెను. ఇసుక, గులకరాళ్లు, గడ్డి, ఊక అందుండరాదు. ధవళేశ్వరమున గోదావరి వరద తీసిన వెనుక రేవున నిలుచు ఒండ్రుమట్టిని చూచిన వారికి ఈ లక్షణములు వేఱుగా వివరింప నక్కఱలేదు. మన్ను దొరకనిచో గోధుమపిండియో యవలపిండియో వాడవచ్చు నని చెప్పుచు, వానివలన ధ్వని యేకరీతిగా నుండు నను లోపమును సైతము ముని చూపెను.

మృదంగపు కుడిమూతకు ఇనుపరాతిపొడిని అన్నముతో నూఱి, పొరపై పొరగా పెట్టిన నల్లని కరణి యుండును. అది నిలుకడయైనది. ఎడమవైపు తొప్పి సంగతి వేఱు. కచేరికి ముందు తడిపిన బొంబాయిరవ్వ ముద్దను దాని నడుమ పెట్టి, తట్టి చూచి, చాలకున్న చేర్చి, మించిన తీసి, కచేరి ముగిసినతోడనే గీకివేయుదురు. బరువు హెచ్చినకొలది చర్మము నెమ్మదిగా ఊగును, శ్రుతి దిగును.

విశాఖపట్టణమున చదువుకొన్న సి. వి. రామన్ 1920లోను, మరల 1934లోను మన మృదంగ తబలాలను గూర్చి వ్రాసెను. కరణి బరువుచే మూత అనుస్వరములు మూలస్వరమునకు రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్లై తంత్రివాద్యమందువలె పొందుపడు నని చూపెను. 1930లో నోబెలు బహుమానము వెలుతురు పరిశోధనకు వచ్చినది గాని, మృదంగములు కట్టు పనివారి విద్యను శాస్త్రసభ కెక్కించుటయు నాకు చిన్నపనిగా తోచదు.

1925లో అమెరికాలో రైసు, కెల్లాగు అనువారు తీగచుట్టతో కదలు గరాటు స్పీకరును ప్రకటించిరి. అందును న్యాయ మిదియే. కదలు బరువు నాలుగింతలైన స్వాభావికకంపనము సగమగును. వెల మాత్రము గట్టిది: బరువు రెట్టింపైన చాలును, అదే విద్యుత్తునకు వెలువడు ధ్వనిశక్తి నాలుగవవంతునకు పడిపోవును. ఆ లోటు పూరింపబోయి కుఱ్ఱవాడు ఆంప్లిఫయరును పెంచును; తీగచుట్ట మాడును. బరువు ఒకప్రక్క కొరగిన, చుట్ట అయస్కాంతపు సందున రాచుకొని గఱగఱలాడును.

కావున ఇంటివాడు స్పీకరు విప్పి కూర్చున్నచో కోపింపక, బంక జోలికి పోవలదనియు, తొప్పిమీద రవ్వవలె ఊడదీయదగిన మైనపుముద్దను నడుమ పెట్టి, ధ్వని తగ్గించి వినుమనియు చెప్పుడు. తృప్తి కలిగినచో ఆ ముద్దను త్రాసున తూచి, అంతే బరువును కడియమువలె చుట్టును సమముగా నంటించుకొనవచ్చును.