పొదుపు ఇల్లు

తక్కువ చోటులో, చుట్టుపక్కల దొరికే సరుకుతో కట్టుకుని, కరెంటు, గ్యాసు బండ, నీళ్ల ట్యాంకరు మీద వీలైనంత తక్కువ ఆధారపడేలా అమర్చుకున్న నివాసం పొదుపు ఇల్లు. దీనికి కచ్చితమైన కొలత లేదు. నలుగురుండే కుటుంబానికి 300 నుంచి 600 చదరపు అడుగుల దాకా ఉన్నవాటిని ఈ కోవలో చేర్చవచ్చు. పోలిక కోసం చెప్పాలంటే, కేంద్ర ప్రభుత్వపు గ్రామీణ ఆవాస్ యోజనలో ఇంటి కనీస వైశాల్యం వంటగదితో కలిపి 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు.

పొదుపంటే కట్టేటప్పుడు అయ్యే ఖర్చు ఒక్కటే కాదు. ఆ ఇంట్లో కాపురమున్నన్నాళ్లూ నెలనెలా చేతినుంచి జారిపోయేది కూడా లెక్కలోకి వస్తుంది. పైన సోలార్ పలకలు బిగించినంత మాత్రాన ఏ ఇల్లూ పొదుపు ఇల్లు కాదు. కప్పు, పడమటి గోడ, కిటికీలు ముందు కుదరాలి. పలకలు ఎన్ని కావాలో ఆ తర్వాత తేలుతుంది. ఈ వరస తప్పినందువల్లే మనదగ్గర చాలా ఇళ్లు పైన పలకలు, లోపల ఏసీలు పెట్టుకుని కూడా ఉక్కగా ఉంటున్నాయి.

పూర్వ ప్రయత్నాలు

అమెరికాలోని వాల్డెన్ చెరువు గట్టున హెన్రీ డేవిడ్ థోరో 1845లో కట్టుకున్న గది 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. అయిన ఖర్చు 28 డాలర్ల పైచిల్లర. 1936లో గాంధీజీ సేవాగ్రామ్‌కు మారినప్పుడు అక్కడ కుటీరాలు మట్టి, వెదురు, పెంకులతోనే లేచాయి. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో కట్టిన ఇళ్లు ‘పాసివ్ హౌస్’ పద్ధతికి నాంది పలికాయి. మందమైన గోడలు, గాలి చొరబడని తలుపులతో లోపలి వెచ్చదనాన్ని బయటికి పోనివ్వకపోవడం దాని కిటుకు. అది చలిదేశపు అవసరం. మనకు కావాల్సింది వేడిని లోపలికి రానివ్వని ఇల్లు, వచ్చిన వేడిని రాత్రికల్లా బయటికి పంపేసే ఇల్లు. అందుకే అక్కడి నమూనాలను, ముఖ్యంగా పెద్ద పెద్ద అద్దాల కిటికీలను, ఇక్కడికి దించుకోవడం నష్టం.

మన వాతావరణానికి దగ్గరగా పనిచేసిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007). ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, కుష్ఠు రోగుల సేవకు 1945లో భారతదేశం వచ్చి, హిమాలయాల్లోని పితోరాగఢ్‌లో పదిహేనేళ్లకు పైగా గడిపి, చివరికి తిరువనంతపురంలో స్థిరపడ్డారు. ఇంటికి వాడే సరుకు అయిదు మైళ్ల లోపు దొరికేదై ఉండాలన్న గాంధీజీ మాటను ఆయన జీవితాంతం పట్టుకున్నారు. గోడలకు పూత పూయలేదు, అవసరం లేని సిమెంటు వాడలేదు, చెట్టును కొట్టకుండా ఇంటినే చెట్టు చుట్టూ తిప్పారు. ఆయన పద్ధతులు అందరికీ చేరేలా 1985లో కాస్ట్‌ఫోర్డ్ సంస్థ ఏర్పడింది. 1990లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్య అమూల్య కుమార్ ఎన్. రెడ్డి 1974లో మొదలుపెట్టిన ‘అస్త్ర’ విభాగం కూడా మట్టి దిమ్మెలు, పొగరాని పొయ్యి, గోబర్ గ్యాసు వంటి పల్లె అవసరాల మీద ఏళ్ల తరబడి కృషి చేసింది.

వేడి వచ్చే దారులు

హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన ఆకాశంలో సగం ఎత్తులోనే ఉంటాడు. మే నెలలో నడినెత్తికి వచ్చి, జూన్‌లో కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. కాబట్టి దక్షిణపు గోడకు రెండడుగుల చూరు ఉంటే చాలు, ఎండాకాలం ఎండ దాని మీద పడదు, చలికాలపు ఎండ మాత్రం లోపలికి వస్తుంది. తూర్పు, పడమరల సంగతి వేరు. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది, దాన్ని ఏ చూరూ ఆపలేదు. అందువల్ల ఇంటి పొడవైన గోడలు ఉత్తర దక్షిణాలకు, పొట్టి గోడలు తూర్పు పడమరలకు తిరిగి ఉండాలి. సింహద్వారం తూర్పున ఉండాలనుకునేవారికి ఇందులో ఇబ్బంది లేదు, పొట్టి గోడలోనే పెట్టుకోవచ్చు. పడమటి వైపు స్నానాలగది, సామాన్ల కొట్టు, మేడమెట్లు వేస్తే పడకగదికి అవే అడ్డు. అదీ కుదరకపోతే గోడకు రెండడుగులు ఎడంగా దొండ పాదో చిక్కుడు పందిరో ఉన్నా మేలే.

అన్నిటికన్నా ఎక్కువ వేడి దిగేది కప్పు నుంచి. ఒంటి అంతస్తు ఇంట్లో పగలంతా ఎండను మింగేది అదే. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు మే నెల మధ్యాహ్నం పైన అరవై డిగ్రీల దాకా కాలుతుంది. ఆ వేడి కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. సరిగ్గా మనం పక్కలు పరుచుకునే వేళకు స్లాబు కిందివైపు కాగిన పెనంలా ఉంటుంది. ఫ్యాను ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. ఏసీ కొనాలన్న ఆలోచన చాలా ఇళ్లలో పుట్టేది ఆ రాత్రి పదింటికే. డాబా మీద చిక్కగా రెండు పూతలు తెల్ల సున్నం వేస్తే గది వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పని ఇంటి విషయంలో మరొకటి లేదు. ఇలాంటి చల్లని కప్పుల కోసమే తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో అయిదేళ్ల కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. ఇంటి గోడలు, కిటికీల ద్వారా లోపలికి వచ్చే వేడికి కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ పేరుతో ప్రమాణాలు రూపొందించింది.

మిద్దె, చుట్టిల్లు

రాయలసీమ మట్టి మిద్దె ఈ విషయంలో మనకున్న మంచి పాఠం. మూరెడు మందాన రాయి, మట్టితో కట్టిన గోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆ పైన కట్టెలో నాపబండలో పరిచి, మట్టి మెత్తి, అన్నిటికన్నా పైన చౌడు పోస్తారు. వెలుతురుకు, పొగ పోవడానికి కప్పులో చిన్న గవాక్షి. ఇందులో మెచ్చుకోవాల్సింది చౌడు. ఆ మట్టిలో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడివడి ఉన్న సందులన్నీ పూడ్చేస్తాయి, ఇక నీరు కిందికి దిగదు. పొలంలో పైరును చంపే గుణమే ఇంటి కప్పు మీద వానను ఆపింది. పగటి ఎండ అంత మందాన్ని దాటి లోపలికి రావాలంటే పది గంటల పైమాటే. అప్పటికి బయట చల్లబడి ఉంటుంది, గవాక్షీ తలుపులూ తెరిస్తే ఇల్లూ చల్లబడుతుంది.

మిద్దెకు ఉన్న ప్రమాదాన్ని దాచకూడదు. ఏటేటా పాత పొర తీయకుండా కొత్త చౌడు పోస్తూ పోతే బరువు పెరుగుతుంది. దూలాన్ని లోలోపల చెదలు తింటాయి. ముసురు పట్టి వారం రోజులు నానినప్పుడు కప్పు కూలి, నిద్రలోనే కుటుంబాలు పోయిన ఘటనలు కర్నూలు, నంద్యాల, అనంతపురం ప్రాంతాల్లో ఎన్నో ఉన్నాయి. పాత మిద్దెలో ఉండేవారు వానాకాలానికి ముందు దూలాలు గోడలో దిగే చోట గునపం మొనతో పొడిచి చూడాలి. మొన మెత్తగా దిగితే ఆ దూలాన్ని మార్చాల్సిందే.

కోస్తాకు ఇదే పద్ధతి పనికిరాదు. అక్కడ రాత్రీ ఉక్కే, గోడ మందంగా ఉంటే చల్లబడే వేళే దొరకదు. ఆడే గాలే అక్కడ ఆదరువు. ఎదురెదురు కిటికీలు, ఎత్తైన కప్పు, చుట్టూ వసారా కావాలి. ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు గుండ్రటి మట్టి గోడ మీద తాటాకు కప్పును దాదాపు నేలదాకా దించుతుంది. మూలలు లేకపోవడంతో గాలి ఉధృతి ఒకచోట పడదు, పక్కల నుంచి జారిపోతుంది. గుండ్రటి ఆకారం భూకంపానికీ తట్టుకుంటుంది. 2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్ భూకంపంలో చుట్టిల్లులాంటి అక్కడి ‘భుంగా’ ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. కడపలో పనికొచ్చిన ప్లానును కళింగపట్నంలో అలాగే కట్టకూడదు.

గోడ, కప్పు

మట్టి గోడకు ముందు మట్టిని తెలుసుకోవాలి. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నిండా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి ఒక పూట కదపకుండా ఉంచితే, ఇసుక అడుగున, ఒండ్రు మధ్యన, బంక పైన పొరలుగా తేలతాయి. ఇసుక పాలు ఎక్కువై, బంక అయిదో వంతుకు మించకుండా ఉంటే దిమ్మెలకు పనికొస్తుంది. ఎర్రమట్టి నేలల్లో ఇది తరచు కుదురుతుంది. నల్లరేగడి పనికిరాదు, తడికి ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద పునాది వేయడమే ఒక సమస్య. మంచి మట్టికి నూటికి అయిదు పాళ్ల సిమెంటు కలిపి, చేతి మరలో నొక్కి, నాలుగు వారాలు తడిపితే దిమ్మె తయారవుతుంది. కాల్చే పని లేదు, బట్టీ కట్టెలు లేవు. ఆరోవిల్‌లోని ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఈ దిమ్మెల తయారీలో శిక్షణ ఇస్తుంది. ఏ మట్టి గోడైనా నిలవాలంటే కింద రెండడుగుల రాతి కట్టు, పైన ముందుకు వచ్చిన చూరు తప్పనిసరి.

ఇటుకలే దొరికేచోట బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ కట్టుబడి ఉంది. ఇటుకలను పడుకోబెట్టకుండా పక్కకు నిలబెట్టి పేరుస్తారు. గోడ తొమ్మిదంగుళాలే ఉంటుంది, మధ్యలో మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, ఆ ఖాళీలోని గాలి వేడిని ఆపుతుంది. కరెంటు పైపులు ఎక్కడ పోవాలో మాత్రం కట్టకముందే గుర్తు పెట్టుకోవాలి, తర్వాత గోడ చెక్కితే అంతా పాడవుతుంది. స్లాబులో కూడా ఇలాంటి పొదుపే చేయవచ్చు. స్లాబు కిందిసగంలో కాంక్రీటుకు ఊచలను పట్టుకుని ఉండడం తప్ప పెద్ద పనేమీ లేదు. అందుకే ఊచల మధ్య బెంగుళూరు పెంకులు రెండేసి జతగా పెట్టి పోస్తారు. దీన్ని ఫిల్లర్ స్లాబు అంటారు. సిమెంటు మిగులుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని ఆపుతుంది, కింది నుంచి చూస్తే ఎర్రటి గళ్లు అందంగా కనిపిస్తాయి. ఇది తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం. ఊచల లెక్క ఇంజనీరు చేత వేయించకుండా ఈ పనికి దిగకూడదు.

కరెంటు లెక్క

రెండు గదుల ఇంట్లో మూడు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరుగుతాయనుకుందాం. 75 వాట్ల పాత ఫ్యాన్లయితే 2.7 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 1.1 యూనిట్లు. ఈ బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఎల్‌ఈడీ బల్బులు, చిన్న ఫ్రిజ్, టీవీ, మిక్సీ, కాసేపు నీళ్ల మోటారు కలిపినా రోజు మొత్తం మూడు యూనిట్లకు అటూఇటూ ఉంటుంది. ఒక కిలోవాట్ సోలార్ పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. వాటికి నీడ పడని వంద చదరపు అడుగుల చోటు చాలు. అదే ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రంతా నడిస్తే అదొక్కటే ఆరేడు యూనిట్లు తాగుతుంది. కప్పుకు సున్నం పూయడం, పడమటి గోడకు నీడ ఇవ్వడం ఈ లెక్కలో ఎంత విలువైనవో ఇక్కడే కనిపిస్తుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ ఉంది.

పలకలు పెట్టించుకునేవారికి చాలాచోట్ల చెప్పని సంగతి ఒకటుంది. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన పలకలు, వీధిలో కరెంటు పోగానే తామూ ఆగిపోతాయి. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. స్తంభమెక్కి మరమ్మతు చేసే లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగలకుండా పెట్టిన జాగ్రత్త అది. కోతలు ఎక్కువున్న ఊళ్లో బ్యాటరీతో కూడిన ఇన్వర్టరు అడిగి పెట్టించుకోవాలి.

నీరు, వంట, దొడ్డి

చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురుస్తుంది. 50 చదరపు మీటర్ల కప్పు మీద అది 27,500 లీటర్లు, పోయింది పోగా 22,000 చేతికి వస్తుంది. ఇంటి వాడకమంతటికీ అది చాలదు. తాగడానికీ వంటకూ రోజుకు 40 లీటర్ల చొప్పున వాడితే ఏడాదికి 14,600 లీటర్లు. కరువు సీమలో కూడా ఆ మేరకు కప్పే ఇస్తుంది, దాచుకునే తొట్టి ఉంటే.

గోబర్ గ్యాసు విషయంలో ఆశ ఎంతో పశువులూ అంత ఉండాలి. రెండు ఘనమీటర్ల దీనబంధు నమూనా గ్యాసు ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ పడుతుంది. నాలుగైదు పశువులు ఉన్నవారికే అది కుదిరే పని. ఒక్క గేదె ఉన్న ఇంటికి మంచి పొయ్యే నయం. గిన్నెలు కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు అరటికి, చేమకు, మునగకు మళ్లించవచ్చు.

మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి మేలైనది. ఒకటి నిండాక రెండోదానికి మార్చి, మొదటిదాన్ని ఏడాదిన్నర, రెండేళ్లు మూసి ఉంచితే లోపలిది వాసన లేని నల్లటి ఎరువవుతుంది. ఈ మాట నమ్మనివారు చాలామంది. 2017 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లికి వచ్చి, అలా మూసి ఉంచిన గుంతలోకి స్వయంగా దిగి, ఎరువును చేతులతో ఎత్తి చూపారు.

ఏటా చేయాల్సిన పనులు

ఇలాంటి ఇల్లు కట్టి వదిలేస్తే నిలవదు. రోహిణి కార్తె ఎండలకు ముందే కప్పు మీద సున్నం కొత్తగా పడాలి. మృగశిర దగ్గరపడేలోపు డాబా ఊడ్చి, వాననీటి పైపులో ఆకులు తీసి, గోడల పగుళ్లు మట్టితో పూడ్చాలి. తొలి వాన నీటిని తొట్టిలోకి పోనివ్వకుండా మొక్కలకు వదిలేయాలి. పలకల మీద దుమ్మును పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున, గాజు చల్లగా ఉన్నప్పుడు కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలిన గాజు మీద చన్నీళ్లు పోస్తే అది పగిలే ప్రమాదముంది.