పెట్రోల్ ట్యాంకు లీకైతే శుద్ధి ఖర్చు ఎవరు భరించాలి? ఇల్లినాయిస్ రూల్స్ ఇవీ

పెట్రోల్ బంకుని అమెరికాలో గ్యాస్ స్టేషన్ అంటారు. షికాగో చుట్టుపక్కల మన హైదరాబాదీలతో సహా దక్షిణాసియా వాళ్లు చాలామంది ఈ వ్యాపారంలో ఉన్నారు. బంకు కొనేటప్పుడు రోజువారీ అమ్మకాలు, సెంటరు చూసుకుంటే సరిపోదు. భూమిలో ఉన్న ట్యాంకు లీకైతే మట్టినీ, భూగర్భ జలాన్నీ శుద్ధి చేయించాల్సింది యజమానే. ఆ బిల్లు లక్షల డాలర్లకు చేరొచ్చు.

ఫండ్ ఎందుకు వచ్చింది?

భూగర్భ ట్యాంకులపై ఫెడరల్ చట్టం 1984లో వచ్చింది. లీకైతే శుద్ధికీ, నష్టపరిహారానికీ సరిపడా డబ్బు చూపగలగాలన్నది యజమానులకు పెట్టిన షరతు. పెట్రోల్ అమ్మేవాళ్లకు ఇది ఒక్కో లీకుకు 10 లక్షల డాలర్లు. చిన్న వ్యాపారులకు అంత బీమా దొరకడం కష్టం కాబట్టి చాలా రాష్ట్రాలు సొంతంగా ఫండ్లు పెట్టుకున్నాయి. ఇల్లినాయిస్ ఫండ్‌కి డబ్బు ఇంధనం మీద గాలనుకు 0.3 సెంటు పన్ను, 0.8 సెంటు ఫీజు ద్వారా వస్తుంది.

ఎవరి పని ఏంటి?

ట్యాంకు రిజిస్టర్ అయి ఉందా, ఫండ్‌కి అర్హత ఉందా, యజమాని ముందుగా ఎంత పెట్టుకోవాలి అన్నవి స్టేట్ ఫైర్ మార్షల్ ఆఫీసు తేలుస్తుంది. 2010 జూన్ 8 తర్వాత రిపోర్ట్ చేసిన లీకులకు యజమాని వాటా 5,000 డాలర్లు. ఫండ్ ఒక్కో లీకుకు గరిష్ఠంగా 15 లక్షల డాలర్లు ఇస్తుంది. పని ప్లాన్, బడ్జెట్, బిల్లులు మంజూరు చేసేది రాష్ట్ర పర్యావరణ ఏజెన్సీ. అది కోత పెడితే 35 రోజుల్లో పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకి అప్పీల్ చేసుకోవచ్చు.

రేట్లకు హద్దు

ఒకప్పుడు ఏజెన్సీ తన ఆఫీసులో వాడుకునే రేట్ షీటు చూసి బడ్జెట్లు కోసేది. పద్ధతి ప్రకారం రూల్‌గా చేయని షీటుని అలా వాడకూడదని బోర్డు 2004లో తేల్చింది. ఆ తర్వాత 2006 మార్చి నుంచి రేట్లు రూల్స్‌లోకే ఎక్కాయి. కలుషితమైన మట్టి తవ్వి, తరలించి, పారబోయడానికి క్యూబిక్ గజానికి 57 డాలర్లు, గుంత పూడ్చడానికి 20 డాలర్లు అని మొదట్లో పెట్టారు. ఏటా జులై 1న ద్రవ్యోల్బణాన్ని బట్టి వీటిని పెంచుతారు, కానీ ఒక ఏడాదిలో 5 శాతం దాటకూడదు. ఆ రేటుకి పని కాదంటే కనీసం మూడు బిడ్లు తెచ్చి చూపించొచ్చు.

దీనర్థం ఏంటంటే, కాంట్రాక్టర్ హద్దు మించి వసూలు చేస్తే ఆ తేడా యజమాని జేబులోంచే పోతుంది. చట్టం అడిగిన దానికంటే ఎక్కువ శుద్ధి చేయించినా, కొత్త ట్యాంకు వేయించినా ఫండ్ ఇవ్వదు. లాయరు ఫీజు కూడా బోర్డు దగ్గర గెలిస్తే తప్ప రాదు.

గడువులు మర్చిపోవద్దు

లీకు తెలిసిన 24 గంటల్లో రాష్ట్ర అత్యవసర విభాగానికి చెప్పాలి. 45 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. పని పూర్తయ్యాక ఇక శుద్ధి అక్కర్లేదని ఏజెన్సీ ఒక లెటరు ఇస్తుంది. దాన్ని 45 దినాల్లో కౌంటీ రికార్డుల్లో ఎక్కించాలి. మిగిలిన బిల్లులన్నీ లెటరు వచ్చిన ఏడాదిలోపే పెట్టాలి. ఆ తర్వాత పెడితే పైసా రాదు. ఫండ్‌లో డబ్బు తక్కువుంటే మంజూరైన బిల్లు కూడా లైన్లో ఆగుతుంది. అందాకా కాంట్రాక్టర్‌కి ఎవరు కడతారో అగ్రిమెంటులో ముందే రాసుకోవాలి.

కొనేవాళ్లకు

ట్యాంకు రిజిస్ట్రేషన్, పాత లీకుల రికార్డు, శుద్ధి లెటరు ఈ మూడూ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. రిజిస్టర్ అయిన ట్యాంకులు తీసేసి, శుద్ధి మాత్రం పూర్తికాని స్థలం కొంటే ఒక దారి ఉంది. కొత్త యజమాని ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలిపి, తానే ఆ పని చేపట్టి ఫండ్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ అలా రాసిచ్చాక బాధ్యత కూడా తన మీదికే వస్తుంది. కాబట్టి సంతకం పెట్టే ముందే బాకీ పని ఎంతో లెక్క తేల్చుకోవాలి.