కిటికీ పిడి

కిటికీ పిడి అనగా కిటికీ రెక్కను తెరవడానికి, మూయడానికి, మూసిన తరువాత చట్రానికి బిగించి ఉంచడానికి ఉపయోగపడే సాధనం. వాడుకలో దీనిని హ్యాండిలు అని కూడా అంటారు. కొన్ని కిటికీలలో పట్టుకొని లాగే పిడి వేరుగాను, మూసి ఉంచే గడియ వేరుగాను ఉంటాయి. మరికొన్నింటిలో రెండు పనులనూ ఒకే పరికరం చేస్తుంది. ఇంటి నిర్మాణ వ్యయంలో దీని వంతు చాలా స్వల్పం. అయినప్పటికీ గాలివానలో రెక్క కొట్టుకొని ఊడిపోకుండా, దొంగలు సులభంగా లోపలికి రాకుండా, పై అంతస్తులలో పసిపిల్లలు కిటికీలోనుండి పడిపోకుండా కాపాడడంలో దీని పాత్ర ముఖ్యమైనది. అరిగిన లేదా విరిగిన పిడిని మార్చడం సాధారణమైన పనిముట్లతో ఇంటివారే చేసుకోదగిన పని.

పేర్లు

తలుపులకు, కిటికీలకు వాడే బిగింపు సాధనాలకు తెలుగులో పలు పేర్లున్నాయి. చేతితో పట్టుకొనే భాగం పిడి. నిలువుగా గాని, అడ్డంగా గాని జరిగి రెక్కను బంధించేది గడియ. తెలంగాణలో గడియను బేడెం అనడం కూడా ఉంది. కొన వంచిన సన్నని కడ్డీ కొక్కెం. దుకాణాలలో గొట్టంవంటి పట్టీలలో జరిగే గడియను టవర్ బోల్టు అని అడుగుతారు. రెక్క చట్రానికి వేలాడే కీళ్ళను బందులు లేదా మడత బందులు అంటారు.

కిటికీకి సంస్కృతంలో గవాక్షం అని పేరు. గో, అక్షి అనే రెండు మాటల కలయికవల్ల దీనికి ఆవు కన్ను అనే అర్థం వస్తుంది. ఆంగ్లంలోని విండో అనే మాట కూడా గాలి కన్ను అని అర్థమిచ్చే పాత నార్సు పదం నుండి పుట్టింది.

రకాలు

కిటికీ తయారైన పదార్థాన్ని బట్టి పిడి రకం మారుతుంది. కొత్త పిడి కొనడానికి ముందు తమ ఇంటి కిటికీ ఏ తరగతికి చెందినదో తెలుసుకోవాలి.

* కొయ్య కిటికీ: రెక్క మధ్యలో విల్లు ఆకారపు పిడి, పైన, క్రింద టవర్ బోల్టులు, తెరచినప్పుడు రెక్క కొట్టుకోకుండా ఆపే కొక్కెం ఉంటాయి. అన్నింటినీ స్క్రూలతోనే బిగిస్తారు. టవర్ బోల్టులను నేటికీ 4, 6, 8 అంగుళాల పొడవు లెక్కన అమ్ముతారు.
* స్టీలు కిటికీ: ఇరవయ్యవ శతాబ్దంలో ప్రభుత్వ క్వార్టర్లు, పాఠశాలలు, ఆస్పత్రులలో విరివిగా వాడినది. దీని పిడి ఒక ఇరుసుపై తిరుగుతుంది. పిడికి ఉన్న ముక్కువంటి భాగం చట్రంపైకి ఎక్కి రెక్కను లోపలికి లాగి పట్టుకొంటుంది. తెరచిన రెక్కను ఆపడానికి వరుసగా రంధ్రాలున్న పట్టీ ఉంటుంది.
* అల్యూమినియం జరుగుడు కిటికీ: రెండు రెక్కలు కలిసేచోట చంద్రవంక ఆకారంలో తిరిగే తాళం ఉంటుంది. దాని ఎదుటి రెక్కపై ఉన్న కొక్కెంలో ఈ చంద్రవంక ఇమిడిపోతుంది.
* యూపీవీసీ కిటికీ: పిడి వెనుక నలుపలకల ఇనుప కడ్డీ ఉంటుంది. ఇది రెక్క లోపల దాగి ఉన్న యంత్రాంగాన్ని త్రిప్పగా, రెక్క అంచు పొడవునా పలుచోట్ల బిగింపు పడుతుంది. ఐరోపా కొలతలననుసరించే పిడులలో ఈ కడ్డీ మందం 7 మి.మీ., రెండు స్క్రూల మధ్య దూరం 43 మి.మీ. ఉంటుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ ఈ సామగ్రికి ప్రమాణాలను నిర్ణయించింది. టవర్ బోల్టులకు ఐ.ఎస్. 204, తలుపు పిడులకు ఐ.ఎస్. 208, స్టీలు తలుపులు, కిటికీలకు ఐ.ఎస్. 1038, అల్యూమినియం వాటికి ఐ.ఎస్. 1948 వర్తిస్తాయి.

పాడవడానికి కారణాలు

పిడి విరగడానికి చాలాసార్లు కారణం పిడిలో ఉండదు. కారణం సరిచేయకుండా పిడిని మాత్రమే మార్చితే కొత్తది కూడా కొద్ది నెలలలోనే విరుగుతుంది. సాధారణంగా కనిపించే కారణాలు ఇవి.

* కొయ్య ఉబ్బడం: వానాకాలంలో కొయ్య తేమను పీల్చి ఉబ్బుతుంది. రెక్క చట్రంలో బిగుసుకొనిపోతుంది. బలంగా లాగడంవల్ల స్క్రూలు ఊడి వస్తాయి.
* బందులు వదులవడం: రెక్క ఒక ప్రక్కకు క్రుంగుతుంది. గడియ, దాని రంధ్రం ఎదురెదురుగా ఉండవు. గడియను బలవంతంగా దూర్చడంతో అది వంగుతుంది.
* త్రుప్పు: సముద్రతీర ప్రాంతాలలో గాలిలోని ఉప్పు ఇనుమును త్వరగా తినివేస్తుంది.
* రెండు లోహాల కలయిక: అల్యూమినియం పిడికి మామూలు ఇనుప స్క్రూ వేసినప్పుడు తేమ తగిలితే విద్యుద్రసాయనిక చర్య జరిగి, స్క్రూ చుట్టూ ఉన్న అల్యూమినియం పొడిగా మారుతుంది.
* నాసిరకపు పోత: జింకు మిశ్రమంతో పోతపోసిన చౌక పిడులు ఇరుసు వద్ద పగులుతాయి. వీటిని వంచి సరిచేయడం సాధ్యం కాదు.

గాలి ఒత్తిడి, గడియ బలం

గట్టి గాలిలో కిటికీ రెక్కపై పడే ఒత్తిడిని సులభంగా లెక్కించవచ్చు. భవనాలపై గాలి భారానికి సంబంధించిన ఐ.ఎస్. 875 మూడవ భాగం ప్రకారం, సెకనుకు మీటర్లలో గాలి వేగాన్ని వర్గం చేసి 0.6తో హెచ్చవేస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడి పడుతుందో వస్తుంది.

గంటకు 180 కి.మీ. వేగం అనగా సెకనుకు 50 మీటర్లు. 50 వర్గం 2500. దానిని 0.6తో హెచ్చవేస్తే 1500 న్యూటన్లు, అనగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో సమానం. 60 సెం.మీ. వెడల్పు, 120 సెం.మీ. ఎత్తు గల రెక్క వైశాల్యం 0.72 చ.మీ. కనుక దానిపై సుమారు 110 కిలోల భారం పడుతుంది. ఇందులో సగం బందులు మోస్తే, మిగిలిన సగం, అనగా 55 కిలోలు, గడియమీద, దానిని పట్టి ఉంచిన నాలుగైదు స్క్రూలమీద పడుతుంది. భవనం ఆకారం, కిటికీ ఉన్న చోటు, ఎత్తు, చుట్టుప్రక్కల కట్టడాలను బట్టి ఈ అంకె మారుతుంది. అయినా ఒక అంచనాకు ఇది సరిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలో అనేక భవనాల కిటికీ అద్దాలు పగిలాయి. గడియ ఊడి రెక్క తెరుచుకొంటే నష్టం అద్దంతో ఆగదు. గాలి లోపలికి చొరబడి పైకప్పును క్రిందినుండి పైకి నెడుతుంది. రేకుల ఇళ్ళలో ఇది మరింత ప్రమాదకరం. అందువలన కోస్తా జిల్లాలవారు అక్టోబరు, నవంబరు నెలల తుఫానుల కాలానికి ముందే వదులైన గడియలను మార్చుకోవడం మంచిది.

కొత్త పిడి ఎంపిక

పాత పిడిని విప్పి దుకాణానికి తీసుకొని వెళ్ళడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. అలా వీలుకానప్పుడు ఈ కొలతలు వ్రాసుకోవాలి.

# స్క్రూ రంధ్రాల మధ్య దూరం, ఒక రంధ్రం నడిమి నుండి మరొక రంధ్రం నడిమి వరకు.
# పిడి అడుగు పట్టీ పొడవు, వెడల్పు.
# స్టీలు కిటికీకైతే ముక్కు అడుగుభాగం రెక్కనుండి ఎంత ఎత్తులో ఉన్నది.
# యూపీవీసీ కిటికీకైతే నలుపలకల కడ్డీ మందం, పొడవు.
# పిడి ఎడమ వైపు రెక్కదా, కుడి వైపు రెక్కదా అన్న సంగతి.

లోహం విషయానికి వస్తే, తీరప్రాంతాలలో ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకంలో మాలిబ్డినం కలుస్తుంది కనుక 304 రకం కంటే ఉప్పుగాలికి బాగా తట్టుకొంటుంది. స్క్రూలు కూడా పిడి లోహానికి పొసగేవిగా ఉండాలి.

మార్చే పద్ధతి

కావలసినవి: సరియైన కొలత గల స్క్రూడ్రైవరు, చేతి డ్రిల్లు, కొలత పట్టీ, పెన్సిలు, గరుకు కాగితం, తెల్లజిగురు, కొన్ని టేకు లేదా వెదురు చీలికలు, కొద్దిగా కిరసనాయిలు, సబ్బు ముక్క.

కొయ్య కిటికీకి

# రెక్కను మూసి, రెండవ గడియతోగాని త్రాటితోగాని కట్టి ఉంచాలి. పై అంతస్తులలో కిటికీ వెలుపలికి వంగి పని చేయరాదు. క్రింద మనుషులు తిరుగుతుంటే ముందుగా చెప్పాలి.
# స్క్రూ తలలోని గాడిలో పేరుకొన్న రంగును మేకు కొనతో శుభ్రం చేయాలి. త్రుప్పు పట్టిన స్క్రూపై కిరసనాయిలు చుక్కలు వేసి కొన్ని గంటలు నానబెట్టాలి. గాడి చెడిపోతే స్క్రూను తీయడం కష్టమవుతుంది కనుక తొందరపడరాదు.
# పాత పిడిని తీసిన తరువాత రంధ్రాలను పరిశీలించాలి. స్క్రూ పట్టు లేకుండా తిరిగే రంధ్రంలో తెల్లజిగురు పూసిన చీలికలను బిగువుగా దూర్చి, ఒక రోజు ఆరనిచ్చి, పైకి మిగిలిన భాగాన్ని కోసివేయాలి.
# కొత్త పిడిని ఆనించి పెన్సిలుతో గుర్తులు పెట్టాలి. 8వ నంబరు స్క్రూ మందం సుమారు 4 మి.మీ. దానికి ముందుగా 3 మి.మీ. రంధ్రం వేస్తే కొయ్య చీలదు.
# స్క్రూ మరలకు సబ్బు రాసి బిగించాలి. ఇత్తడి స్క్రూలు మెత్తనివి. గట్టి టేకులో నేరుగా బిగిస్తే తల తెగిపోతుంది. అదే కొలత గల ఇనుప స్క్రూను ముందు ఎక్కించి, తీసి, తరువాత ఇత్తడిది వేయాలి.
# స్క్రూలన్నింటినీ సగం వరకు ఎక్కించి, గడియ సాఫీగా జరుగుతున్నదని నిర్ధారించుకొన్న తరువాతనే పూర్తిగా బిగించాలి.

రెక్క ఉబ్బి బిగుసుకొన్నట్లయితే వానాకాలంలో చిత్రిక పట్టరాదు. అప్పుడు చెక్కితే ఎండాకాలానికి కొయ్య కుదించుకొని సందు ఏర్పడుతుంది. పొడి వాతావరణం వచ్చిన తరువాత ఇంకా రాసుకొనే చోట మాత్రమే చెక్కి, ఆ అంచుకు రంగు వేయాలి.

స్టీలు కిటికీకి

స్టీలు కిటికీ పిడి మర కోసిన రంధ్రంలో స్క్రూతోగాని, రివెట్టుతోగాని ఉంటుంది. పాత కిటికీలలో మరలు అంగుళాల కొలతవి కావచ్చు. మిల్లీమీటరు కొలత స్క్రూను బలవంతంగా తిప్పితే రంధ్రంలోని మర చెడిపోతుంది. కనుక పాత స్క్రూనే నమూనాగా చూపి కొనాలి. రివెట్టును డ్రిల్లుతో తొలిచి తీయాలి. ఈ పనిలో కంటికి అద్దాలు తప్పనిసరి. త్రుప్పును గోకి, త్రుప్పు నిరోధక ప్రైమరు పూసిన తరువాతనే కొత్త పిడి బిగించాలి.

అల్యూమినియం కిటికీకి

చంద్రవంక తాళం పడకపోతే ముందుగా రెక్క క్రింది చక్రాలను చూడాలి. అవి అరిగితే రెక్క క్రిందికి దిగి తాళం, కొక్కెం కలవవు. చక్రాలు బాగుండి తాళమే అరిగినప్పుడు రెండు స్క్రూలు విప్పి మార్చవచ్చు.

యూపీవీసీ కిటికీకి

పిడిని అడ్డంగా త్రిప్పి, అడుగున ఉన్న మూతను కొద్దిగా పైకి లేపి ప్రక్కకు త్రిప్పితే రెండు స్క్రూలు కనిపిస్తాయి. వాటిని విప్పి పిడిని నేరుగా బయటికి లాగాలి. కొత్త పిడిని కూడా అదే స్థితిలో అమర్చాలి. కడ్డీ మరీ పొడవైతే పిడి రెక్కకు ఆనదు, పొట్టిదైతే యంత్రాంగాన్ని పట్టదు. పొడవైన దానిని లోహపు రంపంతో కోయవచ్చు. పిడి బాగానే ఉండి, త్రిప్పినా బిగింపు పడకపోతే లోపం లోపలి యంత్రాంగంలో ఉన్నట్లు. అప్పుడు పనివానిని పిలిపించాలి.

పాత రంగు విషయంలో జాగ్రత్త

భారతదేశంలో గృహోపయోగ రంగులలో సీసం పరిమాణాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించకుండా నియంత్రించే నియమాలు 2016లో ప్రకటింపబడి, 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. అంతకు పూర్వం వేసిన రంగులలో సీసం ఎక్కువగా ఉండే అవకాశముంది. అటువంటి రంగును పొడిగా గీకితే లేచే ధూళి చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. కాబట్టి రంగును నీటితో తడిపి గీకాలి. ముక్కుకు ముసుగు కట్టుకోవాలి. పిల్లలను, గర్భిణులను గదిలో ఉండనీయరాదు. పని ముగిసిన తరువాత నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడవాలి.

పిల్లల భద్రత

ఊచలు లేని పై అంతస్తు కిటికీలకు, రెక్క 10 సెం.మీ. కంటే ఎక్కువ తెరుచుకోకుండా ఆపే గొలుసు లేదా పట్టీని పిడితోపాటు అమర్చడం శ్రేయస్కరం. దోమతెర పిల్లల బరువును ఆపలేదు. కిటికీ క్రింద మంచం, కుర్చీ, బల్ల వంటివి ఉంచరాదు. తాళం గల పిడి వాడినప్పుడు, అగ్నిప్రమాదం జరిగితే వెంటనే తెరవగలిగేలా తాళంచెవిని పిల్లలకు అందనంత ఎత్తులో, పెద్దలకు తెలిసిన చోట ఉంచాలి.

నిర్వహణ

ఏడాదికి రెండు సార్లు, వానలకు ముందు, తరువాత, స్క్రూలన్నింటినీ బిగించి చూడాలి. ఇరుసుకు, గడియకు కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు చాలు. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, దుమ్మును కూడా పట్టి ఉంచుతుంది కనుక పనికిరాదు. తీరప్రాంతాలలో నెలకొకసారి మంచినీటిలో తడిపిన గుడ్డతో పిడిని తుడిచి ఆరబెడితే ఉప్పు పేరుకోదు. రంగు వేసేటప్పుడు పిడిని, గడియను విప్పి వేరుగా ఉంచాలి. వాటిపై రంగు పడితే కదలిక బిగుసుకొని, మళ్ళీ బలం ప్రయోగించవలసి వస్తుంది.

ఇవి కూడా చూడండి

* కిటికీ
* తలుపు
* వడ్రంగం
* త్రుప్పు
* తుఫాను