తెలియనివానికి తెలియునట్లు వ్రాయుట

కోఠిలో పాతపుస్తకముల అంగడి ముందు నిలుచు విద్యార్థి మొదట వెల అడుగడు. నడుమ నొక పుట తెరచి, నాలుగు వాక్యములు చదివి, తనకు బోధపడుచున్నదా లేదా యని చూచుకొనును. పాఠ్యగ్రంథమునకు అంతకంటె కఠినమైన పరీక్ష లేదు. ఆ పరీక్షకు నిలువదలచి తెలుగున శాస్త్రగ్రంథములు వ్రాయించిన తొలినాటి మహాప్రయత్నములలో నొకటి ఈ నగరముననే మొదలైనదని శ్రోతలకు మనవి చేయుచున్నాము.

1901 సెప్టెంబరు 1వ తేదీన కోఠి ప్రాంతమున, రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. నాడు నైజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. ఇంట తెలుగు మాటలాడు బాలునికి కచేరీలో గాని, పెద్ద చదువులలో గాని తన భాషతో పని లేదు. తెలుగున కావ్యములకు, పురాణములకు కొదువ లేదు. వాన యేల కురియునో, జ్వరమేల వచ్చునో తెలిసికొనగోరువానికి చేతికందు పుస్తకములు మాత్రము అరుదు. ఆ కొరత తీర్చుటకే 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రంగారావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి.

1907లో వెలువడిన తొలి గ్రంథము హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. ఎరవు పుస్తకములతో చదువుకొని పైకి వచ్చిన పేదవాని కథతో మొదలిడుట ఉచితముగనే యున్నది. తరువాత ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదలగునవి వచ్చినవి. కొలది కాలమునకే మండలి చెన్నపట్టణమునకు తరలినది.

ఇట్టి గ్రంథకర్తలకు రెండు చిక్కులు కలవు. మొదటిది పరిభాష. భౌతికశాస్త్రమును నాడు పదార్థవిజ్ఞానశాస్త్రమనిరి. ఆ పేరు మారినది. రసాయనశాస్త్రము పేరు నిలిచినది. కాని పేరు పెట్టినంతమాత్రమున విషయము తెలియదు. 'బాష్పీభవనము' అనుటకు ముందు ఆరవేసిన తడిబట్టను చూపవలెను. నీరెటు పోయినదని అడుగవలెను. ఎండలో త్వరగాను, నీడలో ఆలస్యముగాను ఆరుటకు కారణము వెదకింపవలెను. పేరు ముందు చెప్పినచో బాలుడు దానిని వల్లించును గాని, ఆరిన బట్టను చూచి ఆలోచింపడు.

రెండవది భాష. ఆ గ్రంథములు చాలవరకు గ్రాంథికమున వెలువడినవి. చదువరి విషయమునకు ముందు భాషను దాటవలసివచ్చెను. మేమును అట్టి భాషలోనే పలుకుచున్నాము గనుక దీనిని నిందగా గాక ఒప్పుకోలుగా చెప్పుచున్నాము.

లక్ష్మణరావుగారు పిమ్మట ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. అకారము దాటకమునుపే 1923లో గతించిరి. కళాశాలలకు తెలుగున పాఠ్యగ్రంథములు సమకూర్చుటకు తెలుగు అకాడమి 1968లో గాని ఏర్పడలేదు.

నేడు చిక్కడపల్లి గ్రంథాలయమునను, అశోక్‌నగర్ గదులలోను వేలాది యువకులు పరీక్షలకు చదువుచున్నారు. వారికై పాఠము వ్రాయువారికి మా మనవి యొక్కటే: వ్రాసినదానిని తెలిసినవానికి చూపి మెప్పు పొందుట కంటె, తెలియనివానిచేత చదివించి, పుస్తకము మూసి, అతని మాటలలో మరల చెప్పించుకొనుడు. అతడు తడబడినచోట దిద్దవలసినది అతనిని గాదు, మీ వాక్యమును.