కోళ్ల వైరస్ వ్యాధులు: మొక్కల మందుల చరిత్ర

కోళ్ల వైరస్ వ్యాధులకు మొక్కల్లో మందు వెతికే ప్రయత్నం చాలావరకు కొక్కెర తెగులు చుట్టూ సాగింది. 1926లో జావాలోనూ ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ బయటపడిన ఈ తెగులు, కొద్దికాలానికే కుమావూఁ కొండల్లోని రాణిఖేత్‌లో కనిపించి, మన దేశంలో ఆ ఊరి పేరుతోనే స్థిరపడింది. కోడి ఆకుపచ్చగా పలచటి రెట్ట వేస్తుంది, నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంది, మెడ మెలితిరుగుతుంది. టీకా పడని పెరటి కోళ్లలో కొద్దిరోజుల్లోనే గంపలు ఖాళీ అవుతాయి. సోకిన కోడికి నికరమైన మందు లేదు కాబట్టే పసుపు, వెల్లుల్లి, వేపాకు నూరి పెట్టే ఇంటివైద్యం నిలిచింది. ఆఫ్రికా పల్లెల్లో కలబంద రసాన్ని తాగే నీళ్లలో కలుపుతారు.

ఈ వాడుకను పరీక్షించే దారి గుడ్డులో దొరికింది. 1931లో శాస్త్రవేత్తలు గుడ్‌పాశ్చర్, వుడ్రఫ్ పొదిగిన గుడ్డులో కోళ్ల మశూచి వైరస్‌ను పెంచారు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ కోడి ఎర్ర రక్తకణాలను గుంపుకట్టిస్తుందని 1941లో జార్జ్ హర్‌స్ట్ చూపాడు. కొక్కెర తెగులు వైరస్‌దీ అదే గుణం. ఇక పొదిగిన గుడ్డులోకి వైరస్‌నూ మొక్క రసాన్నీ ఎక్కించి, పిండం బతికిందా, కణాలు ఎంతవరకు గుంపుకట్టాయి అని చూడటం తేలికైంది. ఇలా ఎన్నో మొక్కలు వైరస్‌ను అణచినట్టు తేలింది.

కానీ చాలా పరీక్షల్లో వైరస్‌నూ రసాన్నీ ముందే కలిపి గుడ్డులోకి పంపారు. అది వైరస్‌ను బయటే చంపడం అవుతుంది, రోగం కుదర్చడం కాదు. పైగా పసుపులోని కర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, పేగు దాటి రక్తంలో చేరేది బహు స్వల్పం.

బిర్యానీలో వేసే అనాసపువ్వు కథ వేరు. దాని దగ్గరి బంధువైన జపాను మొక్కలో 1885లో ఐక్‌మాన్ షికిమిక్ ఆమ్లాన్ని కనుగొన్నాడు. అనాసపువ్వులోనూ ఉండే ఆ ఆమ్లమే ముడిసరుకుగా తయారైన ఒసెల్టామివిర్‌కు 1999లో అమెరికా అనుమతి లభించింది. అయితే అది మనుషుల ఫ్లూ మందు. కోళ్లకు వాడితే మందుకు లొంగని వైరస్ పుట్టుకొస్తుందన్న భయంతో 2006లో అమెరికా కోళ్లు, టర్కీలు, బాతుల ఫ్లూకు దాని వాడకాన్ని నిషేధించింది.

కొక్కెర తెగులు నుంచి మందలను నిజంగా కాపాడింది టీకాయే. మన దేశపు ముక్తేశ్వర్ టీకా 1940ల నాటిది. కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎదిగాక ముక్తేశ్వర్ రకం ఆర్‌2బి సూది వేస్తారు. ఇంట్లో పసుపు, వేప పెట్టే రైతు కూడా ఈ రెండు టీకాలనూ వేళకు వేయించాలి.